మీ సైకిల్ తీసుకెళ్లే పద్ధతి మారుస్తున్నాను, ఎందుకో చెప్తాను

బెంగళూరు మున్నెకొలాలలోని నా షాపుకి సైకిల్ సర్వీసింగ్‌కి ఇచ్చే అందరికీ నమస్కారం. పోయిన నెల ఒక కస్టమర్ సైకిల్ నేను తీసుకొస్తుండగా దారిలో పడిపోయింది. ఆ సంగతి ఆ నోటా ఈ నోటా విని కొందరు అడిగారు. జరిగింది జరిగినట్టు అందరికీ నేనే చెప్పడం న్యాయం.

మీ ఇంటి నుంచి సైకిల్ తేవడానికి నేను వేరే బండి పెట్టనని తెలుసు కదా. మీ సైకిల్ ముందు చక్రం ఊడదీసి, ఫోర్కుని, అంటే ఆ చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగాన్ని, నా సైకిల్ క్యారియర్ మీదున్న క్లాంపులో బిగిస్తాను. వెనక చక్రం రోడ్డు మీద దొర్లుతూ వస్తుంది. ఊడదీసిన చక్రాన్ని పక్కన బెల్టుతో కడతాను. మలుపుల్లో మీ హ్యాండిల్ తిరిగే చోటే వెనక సైకిల్ కూడా తిరుగుతుంది కాబట్టి వేరే లింకు అక్కర్లేదు.

హిందూపురంలో మా నాన్న అద్దె సైకిళ్ల షాపు నడిపేటప్పుడు రెండో సైకిల్‌ని ఎడమ చేత్తో పట్టుకుని పక్కన నడిపించుకొచ్చేవాళ్లం. ఇక్కడ మొదట్లో నేనూ అదే చేశాను. కానీ నా సైకిల్లో కుడి లివర్ ముందు బ్రేకుది. ఎడమ చెయ్యి మీ సైకిల్ మీద ఉంటే నాకు మిగిలేది ఆ ముందు బ్రేకు ఒక్కటే. మారతహళ్లి ట్రాఫిక్‌లో అది ప్రాణం మీదకి తెచ్చే పని. అందుకే క్లాంపుకి మారాను.

ఆ రోజు కుందలహళ్లి దగ్గర స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే క్యారియర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే 5 ఎంఎం బోల్టు తెగింది. సైకిల్ కుడివైపుకి, అంటే గేరు ఉన్న వైపుకే పడింది. గేరు హ్యాంగర్ (వెనక గేరుని ఫ్రేముకి తగిలించే ముక్క) వంగింది, హ్యాండిల్ టేపు చిరిగింది. ఫ్రేముకి ఏమీ కాలేదు. సాయంత్రమే ఆ సైకిల్ ఇచ్చిన ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను, హ్యాంగర్, టేపు నా ఖర్చుతో కొత్తవి వేశాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. వాళ్లబ్బాయి మొదటి జీతంతో కొన్న సైకిల్ అని మాత్రం చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెగిన బోల్టుని లైటు కింద పెట్టి చూశాను. తెగిన ముఖం సగం నల్లబడి ఉంది, సగం తళతళా మెరుస్తోంది. అంటే పగులు ఎప్పుడో మొదలైంది, ఆ రోజు తెగింది మిగతా సగమే. క్యారియర్ మీద 25 కేజీలు అని రాసి ఉంటుంది. మీ సైకిల్ 14, 15 కేజీలు, అందులో సగం దాని వెనక చక్రమే మోస్తుంది, ఇంకేం భయం అనుకున్నాను. ఆ అంకె కదలకుండా కూర్చునే సామానుకి. వెనకున్న సైకిల్ ఊరికే కూర్చోదు. గుంత వస్తే లాగుతుంది, బ్రేకు వేస్తే నెడుతుంది, ఊగినప్పుడల్లా మెలిపెడుతుంది. బోల్టులు విప్పి చూసుకోకపోవడం పూర్తిగా నా తప్పు.

ఇప్పుడు స్టీలు క్యారియర్ వేశాను, దాని కాళ్లు ఇరుసు దాకా దిగుతాయి. అన్నీ లాక్ నట్లే. క్లాంపు వదిలినా సైకిల్ పడకుండా ఫోర్కుకి రెండో బెల్టు కడుతున్నాను. ప్రతి సోమవారం బోల్టులన్నీ విప్పి చూస్తాను. వానలో, చీకటిపడ్డాక తేను. పణత్తూరు రైల్వే అండర్‌పాస్ అవతల ఉన్నవాళ్ల సైకిళ్లు ఇక టాటా ఏస్‌లోనే వస్తాయి. ఆ ఇరుకులో రెండు సైకిళ్ల పొడుగుతో దూరడం నాకు ధైర్యం లేదు. ఆ బాడుగలో సగం నేను పెట్టుకుంటాను.

కార్బన్ ఫోర్కు ఉన్న సైకిళ్లూ, త్రూ యాక్సిల్ (ఫోర్కు గుండా దూరి మరతో బిగిసే లావు ఇరుసు) ఉన్నవీ ప్రస్తుతానికి వెనక కట్టను. నా క్లాంపు మామూలు క్విక్ రిలీజ్‌కే, అంటే చిన్న లివర్ తిప్పి చక్రం వదులు చేసే రకానికే సరిపోతుంది. వెనక టైరు పంక్చరైతే మీ గేటు దగ్గరే అతికి బయల్దేరతాను, గాలిలేని టైరు మీద లాగితే రిమ్ము పాడవుతుంది. డిస్క్ బ్రేకు అయితే చక్రం తీశాక ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెడతాను. మీ పిల్లలు సరదాకి కూడా అప్పుడు లివర్ నొక్కకుండా చూడండి. ఆయిల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకుల్లో ముక్క లేకుండా నొక్కితే ప్యాడ్లు దగ్గరికొచ్చి డిస్కు మళ్లీ లోపలికి దూరదు.

పికప్ ఛార్జీ 100 రూపాయలే, పెంచడం లేదు. మంగళవారం నుంచి శనివారం దాకా పొద్దున ఆరున్నర, ఎనిమిది మధ్య వస్తాను. ఈ వారం బుక్ చేసుకున్నవాళ్లకి ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేస్తాను. వెనక కట్టి తేవడం ఇష్టం లేకపోతే మొహమాటపడకుండా అప్పుడే చెప్పండి.