అమ్మాయిల జట్లకు మన అక్కల్లోంచే కోచ్‌లు రావాలి

సంపాదకులకు నమస్కారం.

2025 అక్టోబరులో మన విశాఖ మధురవాడలో మహిళల ప్రపంచకప్ క్రికెట్ మ్యాచ్‌లు జరిగినప్పుడు మీ క్రీడా పేజీ కళకళలాడింది. సంతోషమే, మా ఇంట్లోనూ టీవీ ముందు నుంచి ఎవరూ కదల్లేదు. అదే ఏడాది జులైలో మన ఫుట్‌బాల్ అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను వాళ్ల సొంతగడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. రెండు గోల్సూ కొట్టింది సంగీతా బస్ఫోర్ అనే మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడే అమ్మాయి. ఆ సంగతి మా వీధిలో ఒక్కరికైనా తెలిస్తే ఒట్టు.

నేనూ ఒకప్పుడు మిడ్‌ఫీల్డర్‌నే. కాలేజీ రోజుల్లో ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఆడినదాన్ని. పెళ్లయ్యాక బూట్లు అటకెక్కాయి. ఇప్పుడు మా అమ్మాయిని ప్రాక్టీసుకు దింపడానికి వెళ్లి, గట్టు మీద కూర్చుని చూస్తుంటాను. అందుకే ఈ ఉత్తరం.

మణిపూర్‌కు చెందిన ఓయినం బెంబెం దేవి గురించి మన పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా? చిన్నప్పుడు ఇంఫాల్‌లో అబ్బాయిలతో కలిసి ఆడేందుకు మగపిల్లాడి పేరు చెప్పుకునేవారట. 1995లో, పదిహేనేళ్ల వయసుకే దేశం జెర్సీ వేసుకున్నారు. అక్కడి నుంచి రెండు దశాబ్దాలు మిడ్‌ఫీల్డ్ ఆవిడదే. 2014లో మాల్దీవుల్లోని న్యూ రేడియంట్ క్లబ్‌కు ఆడారు. 2016 దక్షిణాసియా క్రీడల ఫైనల్లో షిల్లాంగ్‌లో నేపాల్‌ను ఓడించి స్వర్ణం గెలిచాక దేశం తరఫున ఆట ఆపారు. ఆపి ఇంట్లో కూర్చోలేదు. 2017లో మొట్టమొదటి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్‌కు మేనేజర్ ఆవిడే. ఆ ఏడాదే అర్జున, 2020లో పద్మశ్రీ. ఫుట్‌బాల్‌లో ఆవిడకంటే ముందు అర్జున అందుకున్న మహిళ శాంతి మల్లిక్ ఒక్కరే, అదీ 1983లో. మధ్యలో ముప్ఫై నాలుగేళ్లు ఆడిన అమ్మాయిలంతా ఎవరికీ కనపడలేదన్నమాట!

ఇంగ్లండ్‌లో హోప్ పవెల్‌దీ ఇలాంటి కథే. 66 మ్యాచ్‌లు ఆడి 35 గోల్స్ కొట్టిన ఆవిడకు 1998లో, 31 ఏళ్లకే జాతీయ మహిళల జట్టు కోచ్‌గా పగ్గాలిచ్చారు. పదిహేనేళ్లు నడిపారు.

ఈ ఇద్దరూ మిడ్‌ఫీల్డర్లే కావడం నాకేమీ వింతగా అనిపించదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కిక్కిరిసిన సిటీ బస్సులో ఎవరు టికెట్ తీసుకున్నారో, ఎవరు తప్పించుకు తిరుగుతున్నారో కండక్టరుకు ఎలా తెలుస్తుందో, మిడ్‌ఫీల్డర్‌కు గ్రౌండ్ అలా తెలుస్తుంది. మా అమ్మాయి జట్టులో ఒక పిల్ల ఉంది. బాల్ తన దగ్గరికి రాకముందే ఒకసారి ఎడమ భుజం మీదుగా, ఒకసారి కుడి భుజం మీదుగా వెనక్కి చూసుకుంటుంది. బాల్ కాలికి తగిలేసరికి ఎటు ఇవ్వాలో నిర్ణయం అయిపోయి ఉంటుంది. బూట్లు ఒక సైజు పెద్దవి, ముందు దూది కుక్కుకుంటుంది, అది వేరే సంగతి. పరుగులో వెనకబడుతోందని మొన్న సెలెక్షన్స్‌లో ఆ పిల్లనే పక్కన పెట్టారు. వేగంగా పరిగెత్తేవాళ్లు అందరికీ కనిపిస్తారు. మెడ తిప్పే పిల్ల కనపడాలంటే, చూసేవాళ్లు ఆ స్థానంలో ఆడి ఉండాలి.

ఇంకో మాట, కాస్త మొహమాటం పక్కన పెట్టి రాస్తున్నాను. నెలసరి రోజుల్లో మా పిల్లలు కోచ్ దగ్గరికి వెళ్లి "ఒంట్లో బాలేదు సార్" అంటారు, అంతే. ఆయన మంచివారే, వెంటనే ఇంటికి పంపేస్తారు. తేలిగ్గా వార్మప్ చేయొచ్చా, నొప్పి ఎక్కువగా ఉంటే డాక్టరుకు చూపించాలా, ఇవేవీ మాటల్లోకే రావు. ఇలా రెండు నెలలు జరిగేసరికి పిల్లకు టెన్షన్, తల్లికి సాకు. పదో తరగతి కూడా దగ్గరపడితే ఇక ఆట మానిపించేస్తారు. అక్కడ ఒక అక్క ఉంటే ఈ తంతు ఉండేదా?

మరి ఆడిన అక్కలు ఏరీ? ఉన్నారు. మాతో ఆడినవాళ్లలో ఒకరు స్కూల్లో లెక్కలు చెబుతున్నారు, ఒకరు గాజువాకలో బట్టల షాపు నడుపుతున్నారు. అడిగేవాళ్లు లేక రాలేదు గానీ ఇష్టం లేక కాదు. బెంబెం దేవికి మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగం ఉంది, నెల జీతం ఉంది. మనవాళ్లను మాత్రం "సేవ చేయండమ్మా" అని ఉత్త చేతులతో పిలుస్తాం.

కోచ్ కావడానికి అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ వారి డి లైసెన్స్ కోర్సు తొలి మెట్లలో ఒకటి. మాజీ క్రీడాకారిణుల కోసం ప్రత్యేకంగా ఒక బ్యాచ్ విశాఖలోనే వేసవి సెలవుల్లో పెట్టమని అధికారులను కోరుతున్నాను. ఫీజు తీసుకోకుండా, పిల్లల్ని వెంట తెచ్చుకున్నా ఏమీ అనకుండా పెట్టాలి. అమ్మాయిల జట్టు బయట ఊరికి వెళ్తే మేనేజర్‌గా ఎవరో ఒక మేడమ్‌ను కాకుండా, ఆట తెలిసిన మహిళనే పంపాలి. వాళ్లకు రోజుకింత అని డబ్బు కట్టివ్వాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఈ జిల్లాకు ఆడి ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్న క్రీడాకారిణుల గురించి వారానికొకరి చొప్పున రాయండి. మాలో కొందరి ఫోన్ నంబర్లు నా దగ్గర ఉన్నాయి, మీ విలేకరి వస్తే వాళ్లను అడిగి ఇస్తాను.

ఇట్లు,
ఒక మాజీ మిడ్‌ఫీల్డర్,
కంచరపాలెం, విశాఖపట్నం