బందరు గుడ్డ, లండన్ చదువు

ఒరేయ్ చిన్నా,

నీ వాయిస్ మెసేజ్‌లు మూడూ విన్నాను. "అసలు నువ్వు అక్కడ చదివేదేంట్రా? సినిమాలా, మ్యూజియాలా, బిజినెస్సా?" అని అడిగావు. నేను క్లాసు నుంచి వచ్చేసరికి నీకు నిద్రొచ్చేస్తుంది, ఫోన్‌లో కుదరడం లేదు. అందుకే ఈ ఆదివారం పొద్దున్నే టీ పెట్టుకుని తీరిగ్గా రాస్తున్నాను.

కోర్సు పేరు కల్చరల్ అండ్ క్రియేటివ్ ఇండస్ట్రీస్. ఏడాది ఎంఏ, 180 క్రెడిట్లు, వేసవిలో పెద్ద డిసర్టేషన్, అంటే పరిశోధన వ్యాసం. పాట, బొమ్మ, గుడ్డ, పుస్తకం, సినిమా, వీడియో గేమ్ ఎవరు చేస్తారు, డబ్బు ఎవరు పెడతారు, లాభం ఎవరికి చేరుతుంది, సర్కారు ఎవరికి ఆసరా ఇస్తుంది అన్నదే మా చదువు. ఇక్కడ బొమ్మ గీయడం నేర్పరు, గీసినవాడి చేతికి ఎంత ముడుతుందో లెక్క తీయడం నేర్పుతారు.

మొదటి వారాల్లో అడోర్నో, హోర్క్‌హైమర్‌లను చదివించారు. హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకుని అమెరికా చేరిన ఇద్దరు తత్వవేత్తలు. ఫ్యాక్టరీలో కార్లు చేసినట్టే సినిమాలూ పాటలూ అచ్చుగుద్ది జనం మీదికి వదులుతున్నారని 1940ల్లో మండిపడ్డారు. 'కల్చర్ ఇండస్ట్రీ' వాళ్ల నోట తిట్టు. దాదాపు అదే మాట యాభై ఏళ్లు తిరిగేసరికి ప్రభుత్వాలు గర్వంగా చెప్పుకునే మాటైంది. 1998లో బ్రిటన్ ప్రభుత్వం ఒక పత్రం తీసి, ప్రకటనల నుంచి సాఫ్ట్‌వేర్ దాకా 13 రంగాలను 'క్రియేటివ్ ఇండస్ట్రీస్' అంది. వ్యక్తి సృజన, నైపుణ్యం, ప్రతిభ నుంచి పుట్టి, మేధో సంపత్తి హక్కుల ద్వారా సంపద, ఉద్యోగాలు తేగలిగిన పనులన్నీ ఆ గొడుగు కిందికి వచ్చాయి.

నేను ఆగిపోయింది ఆ 'వ్యక్తి' దగ్గరే. మన పెడన కలంకారీ షెడ్డులో వ్యక్తి ఎవర్రా? అచ్చు చెక్కేది ఒకరు, గుడ్డ కరక్కాయ నీళ్లలో ముంచేది ఒకరు, అద్దేది ఇంకొకరు, కాలవలో ఉతికేది మరొకరు. గుడ్డ మీద పడిన పువ్వు ఎవరి సొత్తు అని అడిగితే నాన్నయినా ఏం చెబుతాడు?

ఆ 13 రంగాల్లో చేతివృత్తులూ ఉన్నాయి. కానీ 2013లో వాటిని జాబితాలోంచి తీసేద్దామని బ్రిటన్ ప్రభుత్వమే ప్రతిపాదించింది. చాలా యూనిట్లు మరీ చిన్నవి, వ్యాపార లెక్కల్లో దొరకడం లేదని కారణం. చేతిపనివాళ్లు గట్టిగా గొడవ చేశాక మళ్లీ ఉంచారు. లెక్కకు అందనివాళ్లు లేనట్టే అన్నమాట! అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన దేశంలో ఇంకో రకం. చేనేత, హస్తకళలు జౌళి శాఖ కింద, సినిమా సమాచార ప్రసార శాఖ కింద, మ్యూజియాలు సాంస్కృతిక శాఖ కింద. మన గుడ్డ వెళ్లి మ్యూజియంలో కూర్చుంటే శాఖే మారిపోతుంది.

బౌమోల్, బోవెన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 1966లో చెప్పిన మాట నీకు వెంటనే ఎక్కుతుంది. బుర్రకథకు కథకుడు, రాజకీయం, హాస్యం, ముగ్గురూ ఉండాల్సిందే. రాత్రంతా చెప్పే కథ రాత్రంతా చెప్పాల్సిందే. మిల్లులో మెషిను మారితే మనిషి పదింతల సరుకు తీస్తాడు, ఇక్కడ ఆ వీలు లేదు. బయట కూలి రేట్లు పెరిగేకొద్దీ కళ ఖర్చు కూడా పెరుగుతూనే ఉంటుంది, రాబడి పెరగదు. వాళ్లు నాటకాలు, సంగీత కచేరీలు చూసి చెప్పారు, నాకు మాత్రం మన తిరనాళ్లలో కథ చెప్పేవాళ్లే కళ్ల ముందు కదిలారు. ఆదరణ లేక బుర్రకథ పోయిందని ఊరికే అనేస్తాం గానీ, దాని వెనక ఇంత లెక్కుంది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన శనివారం సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్లాను. ప్రవేశం ఉచితం. అక్కడ మన కోరమాండల్ తీరం గుడ్డ ఒకటి అద్దాల వెనక వేలాడుతోంది. 18వ శతాబ్దపు మంచం దుప్పటి. కింద రాళ్లగుట్ట, అందులోంచి మెలికలు తిరిగి పైకి లేచిన చెట్టు, ఒకే చెట్టుకి నాలుగైదు రకాల పూలు. మన అచ్చు పని కాదు, కలంతో గీసింది. దగ్గరికి వెళ్లి చూస్తే నల్లగీత ఉన్నచోట గుడ్డ సన్నగా తినేసి ఉంది. ఎందుకో నాకు తెలుసు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టి తీసే నలుపు అది, ఏళ్లు గడిచేకొద్దీ నూలును కొరికేస్తుంది. మా ఇంటి వెనక కుండ మూత తీస్తే వచ్చే పులుపు వాసన ఒక్కసారి ముక్కుకి తగిలినట్టయింది. పక్కన చీటీలో ఊరి పేరు లేదు, గీసినవాళ్ల పేరు లేదు. అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చేశాను రా, నీకు కాబట్టి చెబుతున్నాను.

ఈ గుడ్డలంటే అప్పట్లో లండన్‌కి ఎంత పిచ్చంటే, ఇక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని 1700లో అద్దకం నూలు గుడ్డల దిగుమతి మీద నిషేధం తెచ్చారు. 1721 చట్టంతో అవి కట్టుకోవడమే నేరమైంది. దానికి ముందు, 1719లో, ఇలాంటి గౌనులు వేసుకున్న ఆడవాళ్ల మీద నేతగాళ్లు వీధుల్లో దాడులు చేశారు. ఆ నేతగాళ్ల ఆకలి నాకు అర్థమవుతుంది, మన చేనేత ఇళ్లల్లోనూ అదే ఆకలి చూశాం కదా. 1866 నాటి పని మాత్రం మింగుడుపడదు. ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన మన దేశపు గుడ్డల్లోంచి 700 ముక్కలు కత్తిరించి 18 సంపుటాలుగా అతికించాడు. అలాంటివి 20 సెట్లు చేస్తే, 13 బ్రిటన్‌లోనే ఉంచారు. ఇక్కడి మిల్లువాళ్లు చూసి మనకు నచ్చేలా నేసి మనకే అమ్మాలని.

అది పాత కథేమీ కాదు. నాన్న ఓ కొత్త పువ్వు డిజైన్ ఒక వ్యాపారికి చూపిస్తే నెల తిరక్కుండా స్క్రీన్ ప్రింట్‌లో దిగింది, మూడో వంతు ధరకి. మచిలీపట్నం కలంకారీకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, ఉంది కదా అంటావు. ఉంది, మంచిదే. కానీ అది కాపాడేది పేరునే, పువ్వును కాదు. 'కలంకారీ ప్రింట్' అని రాసి అమ్మేవాడి మీద కేసు వెయ్యాలంటే తిరగడానికి డబ్బూ తీరికా కావాలి. షెడ్డు మూసి నాన్న ఎక్కడికి తిరుగుతాడు?

ఇక్కడ ఒక గ్యాలరీ వాళ్లు నాకు మూడు నెలల పని ఇస్తామన్నారు, జీతం లేదు, బస్సు చార్జీలు మాత్రమే. "ఇష్టమైన పని కదా" అన్నారు. నాన్నతో బేరమాడేవాళ్లు కూడా అదే అంటారు, మీకు ఇది వచ్చిన విద్య కదా అని. వద్దన్నాను.

డిసర్టేషన్ దీనిమీదే రాస్తాను. ఒక దుప్పటి ధరలో ఎవరి వాటా ఎంత, వాళ్ల పేర్లు ఎక్కడ పోతున్నాయి అని. గైడ్ ఒప్పుకున్నారు. నీ సాయం కావాలి. వచ్చే ఆదివారం బందరు నుంచి ఓ గంట వీలు చూసుకుని మా షెడ్డుకి వెళ్లు. అటక మీద పాత టేకు అచ్చులున్నాయి, మామిడిపిందెది తప్పకుండా తియ్యి. గీతకొకటి, ఎరుపుకొకటి విడివిడిగా ఉంటాయి, కలిసిపోకుండా చూడు. ఒక్కోటీ ఎవరు చెక్కారో నాన్నని అడిగి, ఆ పేరు నోట్‌బుక్‌లో రాసి ఫొటో పంపు. నాన్నకి గుర్తు లేకపోతే నాయనమ్మని అడుగు, ఆవిడకి అందరూ గుర్తే. ఇంటిపేర్లతో సహా రాయి.

నీ
బాబి