నీటి లోపలి ఒరవడిని కొలవనిదే పర్యాటకులను సముద్రంలోకి దించవద్దు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. విశాఖ తీరంలో, ముఖ్యంగా రుషికొండ పరిసరాల్లో, స్కూబా డైవింగ్‌కు, అంటే గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదడానికి, వచ్చేవారిలో చాలామందికి సముద్రంలో ఈదిన అనుభవం ఉండదు. వారిని నీటిలోకి దించాలా వద్దా అన్నది, నేను చూసినంతలో, అలల ఎత్తును బట్టి తేల్చేస్తున్నారు. అలలు లేనంత మాత్రాన లోపల ఒరవడి, అంటే నీటి లాగుడు, లేదని కాదు. మన తూర్పు తీరం వెంబడి సాగే ప్రవాహం ఏటా రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతి వైపు, ఫిబ్రవరి నుంచి మే దాకా ఈశాన్యం వైపు పారుతుంది. మార్చి, ఏప్రిల్‌లలో బాగా బలపడుతుంది. సముద్రం పైకి నిదానంగా కనిపించే రోజులూ అవే. ఒడ్డుకు దగ్గరలో ఆటుపోట్లు, గాలి కూడా తోడై ఒరవడి పూటపూటకూ మారుతుంది.

సముద్రంలో వేగాన్ని నాట్‌లలో కొలుస్తారు; ఒక నాట్ వేగమంటే నిమిషానికి దాదాపు 31 మీటర్లు. అంత ఒరవడిలో అరగంట కొట్టుకుపోయిన మనిషి పడవకు 900 మీటర్లకు పైగా దూరంలో తేలుతాడు, అక్కడ చిన్నపాటి అలల మధ్య తల ఒక్కటే కనబడడం చాలా కష్టం. ఫిన్స్ (కాళ్లకు తొడుక్కునే ఈత రెక్కలు) ఉన్నా ఆ వేగానికి ఎక్కువసేపు ఎదురీదలేం. ఎదురీదినకొద్దీ ఆయాసం పెరుగుతుంది, 10 మీటర్ల లోతులో ప్రతి శ్వాసకూ పైన పట్టే గాలికి రెట్టింపు పడుతుంది కాబట్టి సిలిండర్ చూస్తుండగానే ఖాళీ అవుతుంది. ఆ కంగారులో ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లి ప్రాణం పోవచ్చు.

ఒరవడిని కనిపెట్టడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. లంగరు తాడు ఏటవాలుగా సాగి బిగుసుకుని ఉంటే, డైవర్లు వదిలే గాలి బుడగలు పడవకు దూరంగా పైకి తేలుతుంటే లోపల నీరు లాగుతున్నట్టే. లంగరు వేసిన 10 మీటర్ల పడవ అణియం (ముందు కొస) దగ్గర వదిలిన కొబ్బరిచిప్ప 20 సెకన్లలో అమరం (వెనుక కొస) దాటితే ఒరవడి దాదాపు ఒక నాట్ ఉన్నట్టు. అయితే ఇది పై నీటి లెక్క మాత్రమే. అందుకే పర్యాటకుల కంటే ముందు గైడ్ ఒకరు అడుగుదాకా దిగి చూసి రావాలి.

ఈ కొలతను, హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే ఆనాటి ప్రవాహ సూచనను ప్రతి డైవ్‌కు ముందు రిజిస్టర్‌లో రాయడం లైసెన్సు షరతుగా పెట్టండి. కొత్తవారిని దించకూడని వేగమెంతో నిపుణులతో తేల్చి ఉత్తర్వులో అంకెతో సహా చెప్పండి. ప్రతి గైడ్ వద్దా నీటిపై నిలిచే రంగు బెలూన్ ఉండాలి, డైవర్లు లోపల ఉన్నంతసేపూ బుడగలను వెంబడించడానికి ఇంకొక పడవ సిద్ధంగా ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యంగా, ఒరవడి వల్ల డైవ్ రద్దయితే పర్యాటకునికి డబ్బు పూర్తిగా వెనక్కి ఇప్పించండి, ఆ రోజు కూలి గైడ్‌కు పోకుండా చూడండి. కూలి పోతుందన్న భయం ఉన్నంతకాలం ఎవరూ ‘ఈ రోజు వద్దు’ అని ధైర్యంగా అనలేరు. వచ్చే వేసవి రద్దీ మొదలయ్యేలోపే ఈ ఉత్తర్వు ఇవ్వాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
విశాఖపట్నానికి చెందిన ఒక స్కూబా డైవర్