రఫ్ కాగితాలు పారేయకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన టర్మ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకరు ఇచ్చిన వ్యాసాన్ని, ఏఐ రాతను పసిగడుతుందనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాం. యంత్రమే రాసిందని తేల్చేసింది. అబ్బాయిని నా గదికి పిలిపించాను. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే రఫ్ కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నిండా కొట్టివేతలు, బాణం గుర్తులు, మార్జిన్‌లో ఇరికించిన వాక్యాలు. వ్యాసం ముమ్మాటికీ అతనిదే. క్షమించమని అడిగాను.

నిజానికి ఆ పరికరాన్ని నమ్మడమే మా పొరపాటు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఇలాంటిదొకటి విడుదల చేసింది. వాళ్ళ సొంత పరీక్షలోనే అది ఏఐ రాతలో 26 శాతాన్ని మాత్రమే పట్టుకుంది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రం ఖాతాలో వేసింది. ఆర్నెల్లు తిరక్కుండానే దాన్ని తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలా ఏఐ రాతను పసిగట్టే ఏడు డిటెక్టర్లకు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు రాసిన వ్యాసాలు ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలు ఏఐవేనన్నాయి. కారణం చిన్నదే: తెలిసిన కొద్దిపాటి మాటలతో సాదాగా రాస్తే ఆ యంత్రాలకు అనుమానం. అంటే మేము ఎక్కువ అండగా ఉండాల్సిన పిల్లలే ముందు దొరికిపోతారు. ఇకమీదట డిటెక్టర్ మాట ఆధారంగా మా బడిలో ఏ విద్యార్థినీ నిలదీయం.

మరి కాపీని ఎలా ఆపుతారని మీరు అడుగుతారు. ఇంటి దగ్గర చేసే ప్రాజెక్టు మార్కుల్లో సగం ఇకనుంచి రఫ్ నోట్సుకూ, టీచరుతో ఐదు నిమిషాల మాటకూ ఉంటాయి. ‘ఈ అంకె ఎక్కడ దొరికింది?’ ‘ఇందులో ఒక పేరా తీసేయమంటే ఏది తీసేస్తావు?’ ఇలాంటి ప్రశ్నలే. సొంతంగా చేసినవాళ్ళకు ఇవి కష్టం కాదు. ఎదురుగా మాట్లాడటానికి బెదిరే పిల్లలు జవాబు అక్కడే కూర్చుని రాసి ఇవ్వొచ్చు. ఇదంతా చేయడానికి టీచర్లకు సమయం కావాలి కాబట్టి ప్రాజెక్టుల సంఖ్య తగ్గుతుంది. దానికి బాధపడే పిల్లలు నాకైతే ఇంకా కనబడలేదు.

ఏఐని పూర్తిగా నిషేధించడం లేదు. అర్థం కాని లెక్కను ఇంకోలా వివరించమనడం, సాధన కోసం ప్రశ్నలు ఇమ్మనడం మంచిదే. ఏం అడిగారో చివరి పేజీలో రెండు ముక్కలు రాస్తే చాలు. వద్దన్న చోట వాడితే తప్పు, వాడి దాస్తే తప్పు. పదమూడేళ్ళు నిండనివాళ్ళకు మాత్రం బడి పనిలో ఏఐ వద్దు. తరగతి గదిలో దాని వాడకానికి యునెస్కో 2023లో సూచించిన కనీస వయసు కూడా అదే.

చాట్‌జీపీటీ లాంటి ఏఐలు తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి వాక్యం అల్లుతాయి. లేనిదాన్ని కూడా ఉన్నంత ధీమాగా చెబుతాయి. 2023లో న్యూయార్క్ లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. పదో తరగతిలో ఈ సంగతి చెబితే తెగ నవ్వారు. మీ ప్రాజెక్టుల చివర రాసిన పుస్తకాల పేర్లు ఒకసారి వెతకండి అన్నాక నవ్వులు తగ్గాయి.

మనలో మాట. ఏఐ రాకముందు కూడా నాన్నగారు చేసిన మోడళ్ళు, అక్క రాసిన వ్యాసాలు మాకు వస్తూనే ఉండేవి. మేమూ చూసీ చూడనట్టు మార్కులు వేసేవాళ్ళం. ఇప్పుడు వాటికీ అవే ఐదు నిమిషాల ప్రశ్నలు. పిల్లలు తప్పు రాస్తే తప్పుగానే రానివ్వండి, దిద్దడం మా పని.

వచ్చే సోమవారం నుంచి ప్రతి ప్రాజెక్టుతో పాటు రఫ్ కాగితాలు కూడా ఫైల్లో పెట్టి పంపండి. నలిగినా, మరకలున్నా ఫర్వాలేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు