పర్యాటక పన్ను వేసే ముందు పరిశీలన ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

ఊటీ, కొడైకెనాల్, ఏర్కాడు వంటి కొండ ఊళ్లకు వచ్చే యాత్రికుల మీద ప్రత్యేకంగా పన్ను వేయాలన్న మాట ఏటా వేసవి వచ్చిందంటే వినిపిస్తుంది. యాత్రికుల చెత్త ఎత్తడానికీ, వారికి నీళ్లు సరఫరా చేయడానికీ అయ్యే ఖర్చును అక్కడి కాపురస్తులే ఎందుకు భరించాలన్న ప్రశ్న న్యాయమైనదే. చెన్నైలో లాడ్జీలకూ చిన్న హోటళ్లకూ పన్నుల లెక్కలు చూసే వృత్తిలో ఉన్న నేను అటువంటి పన్నుకు వ్యతిరేకిని కాను. అయితే ఆ పన్ను చట్టమయ్యే ముందు దాన్ని ఎవరు, ఎంత బహిరంగంగా పరిశీలిస్తారన్న సంగతి మన చర్చల్లో ఎక్కడా రావడం లేదు. రేటు ఎంత ఉండాలన్న దానికన్నా ముందు తేలవలసింది ఇదేనని నా అభిప్రాయం.

జనాభాలో చెన్నై నగరమంత కూడా లేని వేల్స్ ఈ పని ఎలా చేసిందో చూడదగ్గది. బ్రిటన్‌లో భాగమైనప్పటికీ వేల్స్‌కు సెనెడ్ అనే సొంత పార్లమెంటు ఉంది. బస చేసే సందర్శకుల మీద పన్ను వేసే అధికారాన్ని స్థానిక కౌన్సిళ్లకు ఇవ్వాలని అక్కడి ప్రభుత్వం 2024 నవంబరులో బిల్లు పెట్టింది. బిల్లు ఉద్దేశం అసలు మంచిదేనా అన్న మొదటి దశ పరిశీలన సెనెడ్ ఆర్థిక కమిటీకి వెళ్లింది. కమిటీ కౌన్సిళ్ల వారినీ పర్యాటక వ్యాపారులనూ పిలిచి అడిగింది, వారు చెప్పినదంతా బహిరంగంగా నమోదయింది. రెండో దశలో కమిటీలోనూ, మూడో దశలో నిండు సభలోనూ సవరణల మీద చర్చ జరిగింది. నాలుగో దశలో, అంటే 2025 జూలై 8న, బిల్లు మొత్తం మీద తుది ఓటు తీసుకున్నారు.

ఈ పరిశీలన వల్ల ఏం మారిందన్నది ముఖ్యం. ముసాయిదాలో హోటళ్లకు పెట్టిన రేటు మనిషికి రాత్రికి 1.25 పౌండ్లు. చట్టం అయ్యేసరికి, క్యాంపు స్థలాల్లోనూ హాస్టళ్లలోనూ దిగే 18 ఏళ్ల లోపు పిల్లలకు పన్ను మినహాయించారు. ఆ మేరకు తగ్గే రాబడిని పూడ్చుకోవడానికి హోటళ్ల రేటును 1.30 పౌండ్లు చేశారు. ఐదు పెన్నీల తేడా చిన్నదే కావచ్చు. కానీ ఎవరి కోసం తగ్గించారో, ఆ భారాన్ని ఎవరి మీదికి మళ్లించారో పౌరుడికి కళ్లెదుట కనిపించింది. బస ఇచ్చే ప్రతి ఒక్కరూ పేరు నమోదు చేసుకోవాలనీ, వచ్చిన డబ్బును పర్యాటక ప్రాంతాల నిర్వహణకూ మెరుగుదలకూ మాత్రమే వాడాలనీ, ఏటా నివేదిక ప్రచురించాలనీ ఆ చట్టంలోనే ఉంది. పన్ను వేయాలా వద్దా అన్నది మాత్రం ప్రజాభిప్రాయం తీసుకున్నాక ఆయా కౌన్సిళ్లు తేల్చుకుంటాయి.

పొరుగునే ఉన్న స్కాట్లండ్ 2024లో ఇటువంటి చట్టమే చేసింది కానీ దారి వేరు. అక్కడ తలసరి మొత్తం కాకుండా బస ఖర్చులో శాతం పెట్టారు. దాని ప్రకారం ఎడిన్‌బరో కౌన్సిల్ 2026 జూలై 24 నుంచి, వరుస బసలో మొదటి ఐదు రాత్రులకు మాత్రమే, 5 శాతం అని నిర్ణయించింది. నలుగురున్న కుటుంబం 100 పౌండ్ల గదిలో దిగితే ఎడిన్‌బరో లెక్కన రాత్రికి 5 పౌండ్లు, 300 పౌండ్ల గదిలో దిగితే 15 పౌండ్లు పడుతుంది. వేల్స్ హోటల్లో అయితే ఏ గదికైనా 5.20 పౌండ్లే. మొదటి పద్ధతిలో ఉన్నవాడు ఎక్కువ కడతాడు. రెండో పద్ధతిలో లెక్క తేలిక. స్థిరమైన మొత్తం కావాలని స్కాట్లండ్‌లో వ్యాపారులు పరిశీలన దశలో గట్టిగానే అడిగారు, అయినా 2024 చట్టంలో శాతమే నిలిచింది. కమిటీకి వెళ్లినంత మాత్రాన ప్రభుత్వం మనసు మారుతుందన్న భ్రమ నాకు లేదు. ఏ వాదన విన్నాక ఆ నిర్ణయానికి వచ్చారో రికార్డులో మిగులుతుంది, అంతే. మాబోటి వాళ్లకు ఆపాటి ఆధారం చాలు.

శాతం అనడం సులువు, లెక్క కట్టడంలోనే ఉంది చిక్కంతా. నా బల్ల మీదికి వచ్చే బిల్లుల్లో చాలావాటిలో 'రూమ్ విత్ బ్రేక్‌ఫాస్ట్ 4,000 రూపాయలు' అని ఒకటే వరుస ఉంటుంది; కింద పిల్లవాడి అదనపు మంచానికి మరో 600 రాస్తారు. ఇందులో 5 శాతం దేని మీద వేయాలి? ఇడ్లీ, పొంగల్ ధర తీసేయాలా? బుకింగ్ యాప్ మినహాయించుకున్న కమిషన్ మీద కూడా లాడ్జి యజమాని పన్ను కట్టాలా? గది అద్దె మీద జీఎస్టీ ఎలాగూ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు అది 5 శాతం. కొత్త పన్ను కలిపిన మొత్తం మీద జీఎస్టీ వేయాలా, లేక రెండింటినీ వేరుగా చూపాలా? చట్టం రాసేటప్పుడు లాడ్జి గుమాస్తాను ఒక్కసారి పిలిచి అడిగితే తేలిపోయే ఈ ప్రశ్నలు, అడగకపోతే పదేళ్లపాటు ట్రిబ్యునళ్ల చుట్టూ తిరుగుతాయి.

ఈ భయం ఊహించుకున్నది కాదని చెన్నై పాఠకులకు గుర్తుండే ఉంటుంది. జీఎస్టీ వచ్చినప్పుడు వినోదపు పన్ను వేసే అధికారం రాష్ట్రాల చేతిలోంచి పోయి, రాజ్యాంగం ఏడో షెడ్యూలు, రాష్ట్ర జాబితా 62వ అంశం కింద పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసుకునే మేరకే మిగిలింది. ఆ వెసులుబాటుతో తమిళనాడులో సినిమా టికెట్ల మీద స్థానిక సంస్థల వినోదపు పన్ను 30 శాతంగా వచ్చిపడింది, అదీ జీఎస్టీకి అదనంగా. 2017 జూలై మొదట్లో రాష్ట్రమంతటా థియేటర్లు మూతపడ్డాయి. ఆ తర్వాత చర్చలు, కమిటీ, మళ్లీ కొత్త సినిమాల విడుదల నిలిపివేత జరిగి, చివరకు తమిళ సినిమాలకు రేటు 10కి, దాన్నుంచి 8 శాతానికి దిగింది. 30కీ 8కీ మధ్య ఇంత దూరం ఉన్నదంటే మొదటి అంకె వేసినప్పుడు ఎవరూ లెక్క చూడలేదనే అనుకోవాలి. చివరికి పరిశీలన జరిగింది, కానీ చేతులు కాలాక, అదీ మూసిన తలుపుల వెనుక.

ముందుగా బహిరంగ పరిశీలన జరపడానికి రాజ్యాంగం అడ్డేమీ పెట్టలేదు. స్థానిక అవసరాల కోసం స్థానిక సంస్థలు వేసే పన్నుకు సంబంధించినదన్న ఒక్క కారణంతో ఏ బిల్లునూ ద్రవ్య బిల్లుగా (అంటే పైసభ అడ్డుకోలేని బిల్లుగా) పరిగణించరాదని కేంద్రానికి 110(2), రాష్ట్రాలకు 199(2) అధికరణాలు స్పష్టంగా చెబుతున్నాయి. కనుక తీరిగ్గా కమిటీకి పంపి చూడవచ్చు. తమిళనాడులో 1986లో శాసన మండలి రద్దయినందున రెండో సభ వడపోత లేదు. అటువంటప్పుడు కమిటీ మరింత అవసరం. ఆచరణ మాత్రం వేరుగా ఉంది. చట్టసభల పనితీరును అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ లెక్కల ప్రకారం 2023లో రాష్ట్రాల చట్టసభలు ఆమోదించిన బిల్లుల్లో 44 శాతం, ప్రవేశపెట్టిన రోజునో మరునాడో గట్టెక్కాయి. పార్లమెంటును చూసి నేర్చుకుందామన్నా, 15వ లోక్‌సభ (2009-14) కాలంలో 71 శాతం బిల్లులు కమిటీల పరిశీలనకు వెళ్తే 17వ లోక్‌సభ (2019-24) కాలంలో 16 శాతమే వెళ్లాయి. 2020లో మూడు సాగు చట్టాలను కమిటీకి పంపకుండా రాజ్యసభలో మూజువాణి ఓటుతో ముగించారు. మరుసటి ఏడాది నవంబరులో వాటి రద్దు బిల్లు కూడా చర్చ లేకుండానే నెగ్గింది.

చట్టసభ చేయని పనిని మరొకరు చేయవలసి వస్తుంది. నీలగిరులకూ కొడైకెనాల్‌కూ 2024 మే 7 నుంచి ఈ-పాస్ (వాహనంలో వచ్చేవారు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవలసిన అనుమతి) పెట్టింది మద్రాసు హైకోర్టు ఆదేశమే. 2025 ఏప్రిల్ నుంచి జూన్ వరకు నీలగిరులకు మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలనే అనుమతించాలన్నదీ, ఆ కొండలు ఎన్ని వాహనాలను తట్టుకోగలవో ఐఐటీ మద్రాసు, ఐఐఎం బెంగళూరు చేత అధ్యయనం చేయించాలన్నదీ కోర్టే. న్యాయస్థానాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే కోర్టులో కక్షిదారులు, న్యాయవాదులు మాట్లాడగలరు కానీ ఊటీ మార్కెట్లో క్యారెట్లు అమ్మే మనిషి వెళ్లి తన గోడు చెప్పుకోలేడు. శాసనసభ కమిటీ ఊటీలోనే ఒక రోజు కూర్చుంటే ఆ మనిషి మాట కూడా వినిపిస్తుంది.

మరో చిక్కు, పన్ను అనకుండా రుసుము అని పేరు పెట్టి వసూలు చేయడం. కిందటి వేసవిలో ఒక కొండ ఊరి చెక్‌పోస్టు దగ్గర నా చేతిలో పెట్టిన రసీదులో వాహనం నంబరు, మొత్తం, 'ప్రవేశ రుసుము' అన్న ముద్ర ఉన్నాయి. ఏ చట్టం కిందో, ఏ తీర్మానం కిందో లేదు. అడిగితే ఆ కుర్రాడు 'పైవాళ్లు చెప్పారు సార్' అన్నాడు, పాపం అతనికి మాత్రం ఏం తెలుసు! చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయరాదని 265వ అధికరణం అంటుంది. పన్నుకూ రుసుముకూ గల తేడాను సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది మన మద్రాసు దేవాదాయ చట్టం మీద నడిచిన శిరూరు మఠం కేసులోనే, 1954లో: రుసుము అంటే ప్రతిగా చేసిన సేవ కనిపించాలి. ఆ చెక్‌పోస్టు దాటాక కనిపించినది నిండి పొర్లుతున్న చెత్తకుండీ.

కమిటీలంటే కాలయాపన అనేవారున్నారు. వేల్స్ బిల్లు ప్రవేశపెట్టినప్పటి నుంచి తుది ఓటు దాకా పట్టినది ఎనిమిది నెలల లోపే, మన ఒక సీజన్ నుంచి మరో సీజన్‌కు ఉన్నంత వ్యవధి కూడా లేదు. తమిళనాడు ప్రభుత్వం గానీ, అరకు, లంబసింగి వంటి చోట్ల ఇటువంటి ఆలోచన చేస్తే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గానీ ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలి. కేంద్రం 2014లో తన శాఖలకు పెట్టుకున్న సంప్రదింపుల విధానంలో ఉన్న గడువే ఇది. ఆ తర్వాత ఆ ఒక్క బిల్లు పరిశీలనకే వేసే సెలెక్ట్ కమిటీకి పంపి, వాంగ్మూలాలను తమిళం, తెలుగు వంటి ప్రజల భాషల్లో ప్రచురించాలి. వీటన్నిటికన్నా ముందు హోంస్టేల జాబితా తయారు కావాలి. ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయం ఉన్న హోంస్టేలు జీఎస్టీ నమోదులోకే రావు. వాటిని వదిలేసి పన్ను మొదలుపెడితే, బోర్డు పెట్టుకుని రసీదు ఇచ్చే లాడ్జీ మాత్రమే దొరుకుతుంది, పక్క సందులో బోర్డు లేని బంగ్లా దొరకదు.

భవదీయుడు,
ఒక పన్నుల సలహాదారు,
పశ్చిమ మాంబళం, చెన్నై