హామ్ స్టేషన్‌లో మా కోసం రైలు వదులుకున్న పెద్దాయనకు

పారిస్‌లో గదికి చేరేసరికి రాత్రి పన్నెండు దాటింది. పిల్లలు బట్టలైనా మార్చుకోకుండా నిద్రపోయారు. అమ్మ మోకాళ్లకు మందు రాసుకుని ఇప్పుడే పడుకుంది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఇవాళే రాయకపోతే కొన్ని మర్చిపోతానేమోనని భయం.

ఈస్టర్ సెలవులకు బెర్లిన్ నుంచి పారిస్‌కు రైల్లో బయల్దేరాం. అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి నెలయింది. మేమిద్దరం, ఏడేళ్ల పాప, ఏడాదిన్నర బాబు, వాడి స్ట్రోలర్, నాలుగు సూట్‌కేసులు. కొలోన్ దాకా ఒక రైలు, అక్కడ 35 నిమిషాల తేడాతో పారిస్ రైలు. టికెట్లు కొన్నప్పుడు ఆ టైం చాలనే అనుకున్నాం.

రైలు వచ్చే ముందు, బోగీల వరుస తిరగబడిందని జర్మన్‌లో అనౌన్స్ చేశారు. మేము ప్లాట్‌ఫాం ఈ చివర ఉన్నాం, మా బోగీ ఆ చివర ఆగింది. నాలుగు వందల మీటర్ల రైలు. అమ్మ పరుగెత్తలేదు. మన దగ్గర చాలా రైళ్లలో ఏదో ఒక బోగీ ఎక్కేస్తే లోపల్నుంచే నడిచి వెళ్లిపోవచ్చు కదా, అదే ధైర్యంతో ఎదురుగా ఉన్న తలుపులోంచి ఎక్కేశాం. కదిలాక మా ఆయన సీట్లు వెతుక్కుంటూ వెళ్లి, దారి మూసేసి ఉందని తిరిగొచ్చారు. సరే, ఎక్కడ కూర్చుంటే ఏం, ఎలాగూ కొలోనే కదా అని ఖాళీ సీట్లలో సర్దుకున్నాం.

ఎదురు సీట్లో ఒక పెద్దాయన. డెబ్బై ఏళ్లుంటాయి. పేపర్లో పదకేళి నింపుకుంటున్నారు. హానోవర్ దాటాక పాపను నవ్వుతూ పలకరించి ఎక్కడికని అడిగారు. అది కొలోన్ అంది. ఆయన పెన్ను పక్కన పెట్టేసి నా వైపు తిరిగి, "ఇది కొలోన్ వెళ్లదమ్మా" అన్నారు.

నాకు వచ్చిన జర్మన్‌తో సగమే అర్థమైంది. అప్పుడాయన పేపరు అంచు చింపి బొమ్మ గీశారు. ఒకదానికొకటి తగిలించిన రెండు రైళ్లు. హామ్ అనే స్టేషన్‌లో రెండూ విడిపోతాయి. వెనక సగం వుప్పర్టాల్ మీదుగా కొలోన్‌కు, మేమున్న ముందు సగం ఎసెన్ మీదుగా డ్యూసెల్డార్ఫ్‌కు. మధ్యలో దారి ఉండదు. హామ్‌లో దిగి ప్లాట్‌ఫాం మీదే వెనక్కి వెళ్లాలి, ఆగేది కొద్ది నిమిషాలే. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆయన ఎసెన్‌లో దిగాలి, కూతురు స్టేషన్‌కు వస్తుందని చెప్పారు. అంటే ఆ సీట్లోంచి లేవాల్సిన పనే లేదు ఆయనకు. కానీ హామ్ ఇంకా పది నిమిషాలుందనగా లేచి మా పెద్ద సూట్‌కేసు తలుపు దగ్గరకు జరిపారు. రైలు ఆగగానే దాన్ని తనే దించారు. తర్వాత అమ్మకు చెయ్యి అందించారు. మా ఆయన మిగతా సామాను, నేను బాబు, పాప. ఆయన ఒక చేత్తో సూట్‌కేసు లాగుతూ, రెండో చేత్తో అమ్మను పట్టుకుని, అమ్మ ఎంత వేగంగా నడవగలదో అంతే వేగంగా నడిచారు. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. టికెట్లు చూసే ఆవిడకు దూరం నుంచే చెయ్యి ఊపి కేక వేశారు, ఆవిడ మా కోసం తలుపు దగ్గర నిలబడింది.

అమ్మ ఆఖరి మెట్టు ఎక్కుతుండగా ముందు సగం తలుపులు మూసుకున్నాయి. ఆయన రైలు కదిలిపోయింది.

"అన్నయ్యా, మీ బండి! మీ బండి!" అని అమ్మ తెలుగులోనే అరిచింది. ఆయనకు ఏం అర్థమైందో, ఫర్వాలేదన్నట్టు చెయ్యి ఊపారు. అమ్మ సంచిలోంచి జంతికల పొట్లం తీసి చేతిలో పెట్టింది. అంతలో మా తలుపు మూసుకుంది. అద్దంలోంచి చూస్తే ఆ పొట్లం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. పేరడగలేదు. ఫోన్ నంబరు తీసుకోలేదు.

చాలా దూరం వెళ్లాక తట్టింది నాకు, ఆయన ఒంటి మీద కోటు లేదు. ఆ చలిలో చొక్కాతో నిలబడ్డారు. కోటు సీటు పక్కన కొక్కేనికి వేలాడుతుండటం నేను చూశాను, పైన సంచి కూడా. రెండూ ఆ రైల్లోనే వెళ్లిపోయాయి. ఇక ఏడుపు ఆగలేదు. పాప ఆ పేపరు ముక్క నా పర్సులో పెట్టింది.

తర్వాత జరిగిందీ చెప్పాలి, ఎందుకంటే కోపం ఇంకా తగ్గలేదు. మా రైలు 43 నిమిషాలు ఆలస్యంగా కొలోన్ చేరింది. పారిస్ రైలు వెళ్లిపోయింది. ఒక కౌంటర్లో పారిస్ టికెట్ మాది కాదన్నారు, ఇంకో కౌంటర్లో ఆలస్యం మాది కాదన్నారు. గంట ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం తిరిగివ్వాలని యూరోపియన్ యూనియన్ నియమం. మాది 43 నిమిషాలే కాబట్టి ఏమీ రాదట! మాలాగా రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఏ రైలు ఆలస్యం దానిదే లెక్క. మా రోజంతా పోయింది, ఆ లెక్కలో మేము లేము. నడవలేని పెద్దవాళ్లకు సాయం కావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, సరే. బోగీల వరుస మారుతుందని మాకు 24 గంటల ముందు ఎవరు చెప్పారు? పెద్దవాళ్లతో ప్రయాణం చేసేవాళ్లు దయచేసి మొత్తం ఒకే టికెట్‌గా కొనండి, బోగీ నంబరు చూసుకునే ఎక్కండి.

చివరికి మూడో కౌంటర్లో ఒకావిడ ఆలస్యం అయినట్టు ముద్ర వేసి, ఆఖరి రైల్లో విడివిడిగానైనా సీట్లు ఇచ్చింది. ఆమెకు వేల నమస్కారాలు. మా ఆయనా, ఫోన్లో హోటల్ వాళ్లతో మాట్లాడిన తమ్ముడూ, మీకు చెప్పక్కర్లేదు కదా.

అయ్యో, లిఫ్టు పని చేయని చోట స్ట్రోలర్ ఎత్తి మెట్లు దించిన కుర్రాణ్ని మర్చిపోయాను. బ్రసెల్స్ దాకా బాబును ఆడించిన అమ్మాయిని కూడా. పారిస్‌లో లా షాపెల్ దగ్గర దుకాణం మూసేస్తూ కూడా బాబుకు పాలు కాచి ఇచ్చి డబ్బు తీసుకోని శ్రీలంక తమిళ అన్నను కూడా.

ఇంకొక్కరు. ఎసెన్ స్టేషన్‌లో ఎదురుచూసిన ఆ పెద్దాయన కూతురు. రైలు ఖాళీ అవుతున్నా నాన్న దిగకపోతే ఎంత కంగారు పడిందో. ఫోను కూడా ఆ కోటులోనే ఉండిపోయిందేమో. అమ్మా, ఆ రైలు వదులుకుని మీ నాన్నగారు మా అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించారు.