నైట్రిక్ ఆక్సైడ్ పెరిగిన కొద్దీ మేలేనా?

సంపాదకులకు,

మీ పత్రిక ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం మన ఒంట్లోనే తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు రక్తనాళాలకు మేలు చేస్తుందని చెప్పి, ఒంట్లో అది ఎంత పెరిగితే అంత మంచిదన్నట్లు ముగిసింది. మొదటి మాటతో పేచీ లేదు. ఆ సంగతి వెలికితీసినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు వైద్యరంగ నోబెల్ దక్కింది. రెండో మాటతోనే ఇబ్బంది, ముఖ్యంగా గుట్కా, ఖైనీ ఊరూరా దొరికే నల్గొండ, పాలమూరు జిల్లాల పాఠకులకు.

ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైములు మూడు. వాటిలో నాడీకణాల్లో ఒకటి, రక్తనాళాల్లో ఒకటి ఉండి అవసరం మేరకు కొద్దికొద్దిగా విడుదల చేస్తాయి. మూడోది వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నచోట మేల్కొని, సూక్ష్మజీవులను చంపడానికి పెద్ద మోతాదులో ఉత్పత్తి చేస్తుంది. వక్క, పొగాకు, సున్నం ఏళ్ల తరబడి ఒకే బుగ్గన నానుతుంటే అక్కడి వాపు తగ్గదు, ఆ ఎంజైమూ ఆగదు. అప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపంతో కలిసి పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థంగా మారి కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. కణితి మొదలయ్యాక దానికి రక్తం అందించే కొత్త నాళాలు పుట్టడానికీ తోడ్పడుతుంది. నోటిలోని తెల్ల మచ్చల్లోనూ, క్యాన్సర్ కణితుల్లోనూ ఈ మూడో ఎంజైము మామూలు కంటే ఎక్కువగా ఉన్నట్లు పలు పరిశోధనల్లో తేలింది. మోతాదు మరీ మించితే ఇదే అణువు క్యాన్సర్ కణాన్ని చంపగలదు కూడా, కనుక దీన్ని శత్రువని కొట్టిపారేయడమూ సరికాదు.

అసలు దోషులు పొగాకు, వక్కలే. పొగాకు కలపని వక్క సైతం క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 నాటి నివేదికలో స్పష్టం చేసింది. కూర కాస్త ఘాటైతే నోరు భగ్గుమంటోందని కారం మానేసి గుట్కా మాత్రం మానని మేస్త్రీలు మా అడ్డా మీద కనిపిస్తూనే ఉంటారు. ఆ మంట నోరు బిగుసుకుపోయే జబ్బుకు తొలి సూచన కావచ్చు. అటువంటివారికి నైట్రిక్ ఆక్సైడ్ పెంచే పొడుల కంటే నోటి పరీక్ష అవసరం. తుడిచినా పోని తెల్ల మచ్చ, రెండు వారాలకూ మానని పుండు, మూడు వేళ్లు పట్టనంతగా బిగుసుకున్న నోరు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలనీ, 30 ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉందనీ అదే పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

– రసాయనశాస్త్ర అధ్యాపకుడు, నల్గొండ